శత్రుదేశం క్షిపణి పరీక్ష చేస్తే యుద్ధం వస్తుందా? తిరుపతి, చిత్తూరు పాఠకుల సందేహాలకు సమాధానాలు

పాకిస్తాన్ గానీ, చైనా గానీ, దూరాన ఉన్న ఉత్తర కొరియా గానీ ఒక క్షిపణిని పరీక్షించిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి ప్రాంతాల నుంచి దాదాపు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అడిగేవారిలో సైన్యంలో కొడుకు ఉన్న తల్లులున్నారు, శ్రీసిటీలోని జపాన్ కంపెనీల్లో పనిచేస్తున్న యువకులున్నారు, శ్రీహరికోట మన జిల్లాలోనే ఉందన్న ఆందోళనతో అడిగేవారున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం తగదు. అయితే ఏ వార్తకు ఎంత భయపడాలో తెలియకపోవడం వల్ల కలిగే బాధ కూడా తక్కువది కాదు. అందుకే ఈ ప్రశ్నలను దశలవారీగా ఒకచోట చేర్చాము. ప్రతి ప్రశ్నకూ దాని కిందే పూర్తి సమాధానం ఉంటుంది కనుక మీకు కావలసినది నేరుగా చదువుకోవచ్చు.

## పరీక్షకు ముందు

యుద్ధం చేసే ఉద్దేశం లేనప్పుడు క్షిపణులను ఎందుకు పరీక్షిస్తారు?

క్షిపణి అనేక వేల భాగాలు కలిసి కొన్ని నిమిషాలపాటు తప్పు లేకుండా పనిచేయవలసిన యంత్రం కాబట్టి, ఎగరేసి చూడనిదే అది పనిచేస్తుందో లేదో తయారుచేసినవారికే నమ్మకం కుదరదు. కొత్త ఇంధనం, కొత్త మార్గనిర్దేశక వ్యవస్థ, కొత్త వార్‌హెడ్ (క్షిపణి మోసుకెళ్లే పేలుడు భాగం) అమరిక వచ్చినప్పుడు పరీక్ష తప్పదు. ఇప్పటికే సైన్యానికి అప్పగించిన క్షిపణులను కూడా సిబ్బంది శిక్షణ కోసం అప్పుడప్పుడు ప్రయోగిస్తారు. మన అగ్ని, పృథ్వి శ్రేణుల ప్రయోగాల్లో చాలావాటిని ప్రభుత్వం ఇలాంటి శిక్షణ ప్రయోగాలుగానే ప్రకటిస్తుంది. ఈ పరీక్షల్లో వార్‌హెడ్ స్థానంలో పేలుడు పదార్థం లేని నమూనా బరువునే పెట్టడం రివాజు.

వీటికి రాజకీయ కారణాలు కూడా తోడవుతాయి. సొంత ప్రజలకు ధైర్యం చెప్పడం, చర్చలకు ముందు బేరం పెంచుకోవడం, ఎదుటివారిని హెచ్చరించడం ఇందులో భాగాలే. సాంకేతిక అవసరం ఎంత, రాజకీయ సందేశం ఎంత అన్నది పరీక్ష జరిగిన సమయాన్ని బట్టి చాలావరకు తెలిసిపోతుంది.

పరీక్షకు ముందు ఎదుటి దేశానికి చెప్తారంట, నిజమేనా?

నిజమే. భారత్, పాకిస్తాన్ 2005 అక్టోబరు 3న ఇస్లామాబాద్‌లో దీనిమీదే ప్రత్యేకంగా ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఉపరితలం నుంచి ఉపరితలానికి ప్రయోగించే బాలిస్టిక్ క్షిపణిని (ఎత్తుకు లేచి వంపు దారిలో కిందికి దిగే రకాన్ని) పరీక్షించదలచిన దేశం, ఐదు రోజుల ప్రయోగ వ్యవధిని నిర్ణయించుకొని, అది మొదలవడానికి కనీసం మూడు రోజుల ముందే రెండో దేశానికి తెలియజేయాలి. ప్రయోగ స్థలం అంతర్జాతీయ సరిహద్దుకు గానీ నియంత్రణ రేఖకు గానీ 40 కిలోమీటర్ల లోపల ఉండకూడదు. క్షిపణి పడే ప్రాంతం 75 కిలోమీటర్ల లోపల ఉండకూడదు. అది ప్రయాణించే మార్గం సరిహద్దును దాటకూడదు. ఒకరినొకరు నమ్మని రెండు దేశాలు ఇంత స్పష్టమైన కొలతలతో కాగితం మీద సంతకాలు చేయడం చిన్న విషయం కాదు, మన వార్తా చానళ్లు దీన్ని తగినంతగా చెప్పడం లేదు.

ఇందులో ఒక పెద్ద లోటు ఉంది. ఈ ఒప్పందం క్రూయిజ్ క్షిపణులకు వర్తించదు. మన బ్రహ్మోస్, వారి బాబర్ దీని పరిధిలోకి రావు. భూమికి దగ్గరగా ఎగిరే ఈ క్షిపణులు రాడార్‌కు ఆలస్యంగా చిక్కుతాయి కనుక, ముందస్తు సమాచారం వీటికే మరింత అవసరం. ఈ లోటును పూడ్చవలసిన బాధ్యత రెండు ప్రభుత్వాల మీదా ఉంది.

చెప్పకుండా చేస్తే అది యుద్ధం కిందికే వస్తుందా?

రాదు. తన భూభాగంలోనో, అంతర్జాతీయ జలాల మీదనో పరీక్ష జరుపుకోవడం అంతర్జాతీయ న్యాయం దృష్టిలో మరో దేశంపై సాయుధ దాడి కాదు. ఐక్యరాజ్యసమితి నిబంధనావళి 51వ అధికరణ ఆత్మరక్షణ హక్కును సాయుధ దాడి జరిగిన సందర్భానికి ముడిపెట్టింది. ముందు చెప్పకపోవడం ఒప్పంద ఉల్లంఘన కావచ్చు, బాధ్యతారాహిత్యం కావచ్చు, ఓడలకూ విమానాలకూ ప్రమాదకరం కావచ్చు. ఉత్తర కొరియా తరచూ ఇలాగే చేస్తుంది, జపాన్ ప్రతిసారీ తీవ్రంగా నిరసిస్తుంది. ఆ నిరసన ఇంతవరకు దౌత్యమార్గంలోనే ఉండిపోయింది.

నోటమ్ జారీ చేశారని వార్తల్లో వస్తోంది. దాడి జరగబోతోందనా?

నోటమ్ విమాన చోదకులకు ఇచ్చే హెచ్చరిక. ఫలానా తేదీల్లో, ఫలానా గంటల మధ్య, ఈ ప్రాంతపు గగనతలంలోకి రావద్దని అందులో ఉంటుంది. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ రాకెట్ వెళ్లేముందు కూడా నోటమ్ వస్తుంది, సముద్రంలోకి వెళ్లే మత్స్యకారులకూ హెచ్చరిక అందుతుంది. దాడి చేయదలచినవారు స్థలం, సమయం ముందుగా ప్రకటించరు కనుక, నోటమ్ కనిపించడం నిజానికి ఊరట కలిగించవలసిన విషయం.

## పరీక్ష జరిగిన రోజు

ఈరోజు పాకిస్తాన్ క్షిపణి పరీక్ష చేసిందట. రేపు యుద్ధమేనా?

ఒక దేశం క్షిపణిని పరీక్షించిందన్న ఒక్క కారణంతో మరో దేశం యుద్ధానికి దిగిన ఉదాహరణ ఇప్పటివరకూ చరిత్రలో కనిపించదు. మన రెండు దేశాల అనుభవంలోనే మూడు సందర్భాలను జాగ్రత్తగా చూస్తే విషయం తేటపడుతుంది.

1999 ఏప్రిల్ 11న మనం అగ్ని-2ను పరీక్షించాము. 14న పాకిస్తాన్ ఘోరీ-2ను, ఆ మరుసటి రోజు షాహీన్-1ను పరీక్షించింది. మే నెలలో కార్గిల్ పోరు మొదలైంది. వరుస చూస్తే పరీక్షలే యుద్ధాన్ని తెచ్చాయనిపిస్తుంది. కానీ కార్గిల్ శిఖరాల మీదికి చొరబాటు ఆ పరీక్షలకు ముందే, చలికాలంలో ఖాళీ చేసిన మన స్థావరాలను ఆక్రమించడంతో మొదలైంది. యుద్ధానికి కారణం ఆ చొరబాటే.

2001 డిసెంబరు 13న పార్లమెంటుపై ఉగ్రదాడి జరిగిన తర్వాత రెండు దేశాల సైన్యాలు నెలల తరబడి సరిహద్దులో ఎదురెదురుగా నిలిచాయి. ఆ స్థితిలోనే 2002 జనవరి 25న మనం అగ్ని క్షిపణిలో తక్కువ దూరం వెళ్లే రకాన్ని పరీక్షించాము. మే నెలాఖరులో పాకిస్తాన్ కొద్దిరోజుల వ్యవధిలోనే ఘోరీ, ఘజ్నవీ, అబ్దాలీ క్షిపణులను పరీక్షించింది. అంత ఉద్రిక్తతలో కూడా యుద్ధం రాలేదు, ఆ ఏడాది చివరికి సైన్యాలు వెనక్కి వెళ్లాయి.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని ఉగ్రవాదులు బలిగొన్నారు. మే 3న పాకిస్తాన్ 450 కిలోమీటర్ల పరిధి గల అబ్దాలీని, 5న 120 కిలోమీటర్ల పరిధి గల ఫతహ్‌ను పరీక్షించింది. 7వ తేదీ తెల్లవారుజామున భారత్ ఆపరేషన్ సిందూర్ జరిపింది, 10న కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజుల పోరుకు మూలం పహల్గామ్ మారణకాండలో ఉంది. నడుమ వచ్చిన రెండు పరీక్షలు వేడిని పెంచి ఉండవచ్చు గానీ, అవి జరగకపోయినా మే 7 జరిగేదే.

కాబట్టి పరీక్ష వార్త చూసినప్పుడు, దానికి ముందు వారాల్లో ఏం జరిగిందన్నది చూడాలి. ఏ ఉగ్రదాడీ, ఏ సరిహద్దు ఘర్షణా లేని రోజుల్లో జరిగిన పరీక్షతో రేపటికి యుద్ధం రాదు.

పరీక్షించిన ఆ క్షిపణి తిరుపతి దాకా రాగలదా?

ఏ క్షిపణి అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాకిస్తాన్ సింధు ప్రాంతపు సరిహద్దు నుంచి తిరుపతి నేరుగా 1,500 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఫతహ్, ఘజ్నవీ, అబ్దాలీ వంటివి కొన్ని వందల కిలోమీటర్లకు మించి పోలేవు. ఘోరీ పరిధిని సుమారు 1,300 కిలోమీటర్లుగా చెబుతారు. 2015 మార్చిలో తొలిసారి పరీక్షించిన షాహీన్-3 పరిధి 2,750 కిలోమీటర్లు. అండమాన్ దీవులను కూడా దృష్టిలో ఉంచుకొని దాన్ని తయారుచేశామని అక్కడి సైనిక వర్గాలే చెప్పుకున్నాయి. దాని పరిధిలో మన రాయలసీమ కూడా ఉంది.

అయితే పరిధిలో ఉండటం వేరు, గురిలో ఉండటం వేరు. మన అగ్ని క్షిపణుల పరిధిలో పాకిస్తాన్ నగరాలన్నీ ఏళ్ల తరబడి ఉన్నాయి. తాను కొడితే తిరిగి దెబ్బ తప్పదని ఇరుపక్షాలకూ తెలిసి ఉండటమే ఇన్నేళ్లుగా ఆ క్షిపణులను నేల మీద ఉంచుతోంది.

రాడార్‌లో కనిపించేది పరీక్షో దాడో ఎలా తెలుస్తుంది? పొరపాటు పడితే ఏమవుతుంది?

ఈ జాబితాలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న ఇదే. పరీక్షలతో ముడిపడిన అసలైన ప్రమాదం ఇక్కడే ఉంది.

1995 జనవరి 25న నార్వేలోని అండోయా నుంచి శాస్త్రవేత్తలు ధ్రువకాంతులను అధ్యయనం చేసేందుకు ఒక పరిశోధక రాకెట్‌ను పంపారు. ముందుగానే రష్యాకు సమాచారం ఇచ్చారు కూడా. ఆ సమాచారం రాడార్ దగ్గర కూర్చున్న సిబ్బంది దాకా చేరలేదు. జలాంతర్గామి నుంచి వచ్చిన అమెరికా క్షిపణి కావచ్చునన్న అనుమానంతో హెచ్చరిక అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ వరకూ వెళ్లి, ఆయన అణు ఆదేశాల పెట్టె పని ప్రారంభించింది. కొద్ది నిమిషాల్లోనే ఆ రాకెట్ రష్యా నుంచి దూరంగా పోతోందని తేలడంతో ప్రపంచం గండం నుంచి బయటపడింది. కార్యాలయంలో ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి ఒక కాగితం చేరకపోవడం ఎంత దూరం తీసుకుపోగలదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేము.

అంతకు ముందు 1983 సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అమెరికా నుంచి ఐదు క్షిపణులు బయలుదేరాయని చూపింది. విధుల్లో ఉన్న అధికారి స్తానిస్లావ్ పెట్రోవ్, నిజంగా దాడి చేసేవారు ఐదింటితో మొదలుపెట్టరని ఆలోచించి, అది తప్పుడు హెచ్చరిక అని పైవారికి చెప్పారు. మేఘాల మీద సూర్యకాంతి ప్రతిఫలించడమే కారణమని తర్వాత తేలింది.

నిపుణులు అలాంటి క్షణాల్లో ఎన్ని క్షిపణులు లేచాయి, ఏ దిశగా పోతున్నాయి, ముందుగా సమాచారం ఉందా, ఆ రోజుల్లో రాజకీయ పరిస్థితి ఎలా ఉంది అన్నవి కలిపి చూస్తారు. అమెరికా, రష్యాల మధ్య ఖండాంతర క్షిపణికి సుమారు అరగంట పడుతుంది. ఢిల్లీ, ఇస్లామాబాద్ మధ్య దూరం 700 కిలోమీటర్ల లోపే కనుక మనకు ఉన్న సమయం కొద్ది నిమిషాలు మాత్రమే. అందువల్లే ఇక్కడ ముందస్తు సమాచారానికీ, ఇరుపక్షాలూ నేరుగా మాట్లాడుకునే ఫోను అయిన హాట్‌లైన్‌కూ ప్రాణవాయువుకున్నంత విలువ ఉంది.

పరీక్షించిన క్షిపణి దారి తప్పి ఎదుటి దేశంలో పడితే?

అంతకంటే ప్రమాదకరమైనదే ఒకటి జరిగింది. 2022 మార్చి 9న మన వైపు నుంచి పొరపాటున వెలువడిన ఒక క్షిపణి పాకిస్తాన్ పంజాబ్‌లోని మియా చన్ను ప్రాంతంలో పడింది. ప్రాణనష్టం జరగలేదు. రెండు రోజుల తర్వాత భారత ప్రభుత్వం సాంకేతిక లోపం వల్ల ప్రమాదవశాత్తు జరిగిందని ప్రకటించి విచారం వ్యక్తం చేసింది. విచారణ అనంతరం ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను విధుల నుంచి తొలగించింది.

పాకిస్తాన్ నిరసన తెలిపి, ఉమ్మడి విచారణ కోరి, అక్కడితో ఆగింది. ఆ ఏడాది సరిహద్దు ప్రశాంతంగా ఉండటం ఇరుదేశాల అదృష్టం. అదే క్షిపణి 2025 మే మొదటి వారంలో దారి తప్పి ఉంటే, ప్రమాదమన్న మాటను ఎవరైనా నమ్మేవారా అన్నది ఆలోచించవలసిన విషయం.

క్షిపణి పడుతున్న వీడియో వాట్సాప్‌లో వచ్చింది. నమ్మవచ్చా?

మొదటి గంటల్లో వచ్చే వీడియోల్లో చాలావరకు పాతవో, వేరే దేశాలవో అయి ఉంటాయి. 2025 మే నెలలో 2020 నాటి బీరూట్ పేలుడు దృశ్యాలను పాకిస్తాన్ క్షిపణి దాడిగా ప్రచారం చేశారు, కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం దాన్ని ఖండించవలసి వచ్చింది. దయచేసి రక్షణ శాఖ గానీ, పీఐబీ గానీ చెప్పేవరకు అలాంటివాటిని ఎవరికీ పంపకండి. మీ గ్రూపులో సైనికుడి భార్యో తల్లో ఉండవచ్చు.

## తర్వాతి రోజుల్లో

మనం కూడా వెంటనే ఇంకో క్షిపణిని పరీక్షించి బదులు చెప్పాలి కదా?

ప్రజల్లో ఆ ఆవేశం సహజం. ఇరుదేశాలూ చాలాసార్లు అలాగే చేశాయి. 1998 ఏప్రిల్ 6న పాకిస్తాన్ ఘోరీని పరీక్షించింది, మే 11, 13 తేదీల్లో మనం పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిపాము, 28న వారు చాగయ్‌లో జరిపారు. రెండు నెలలు గడవకముందే ఉపఖండం స్వరూపం మారిపోయింది. ఆ పరీక్షల వెనుక అంతకు ఎంతో ముందు నుంచి సాగిన కారణాలున్నాయి, ఘోరీ ఒక్కదానికే ఆ బరువంతా ఎత్తలేము.

ముందే నిర్ణయించుకున్న కార్యక్రమం ప్రకారం, సమాచారం ఇచ్చి చేసే పరీక్ష వల్ల నష్టం లేదు. ఎదుటివారు చేశారు గనుక ఇరవై నాలుగు గంటల్లో చేసి చూపాలన్న తొందర వల్ల సాంకేతికంగా ఒరిగేదేమీ లేదు. 2002 మేలో పాకిస్తాన్ వరుస పరీక్షలకు మన ప్రభుత్వం వెంటనే పోటీ పరీక్షతో జవాబివ్వకుండా, వాటికి తాము ప్రాధాన్యం ఇవ్వడం లేదని చెప్పి ఊరుకుంది. ఆ నిబ్బరం సరైనదని నా నమ్మకం.

పరీక్షకు ముందే వెళ్లి ఆ క్షిపణిని ధ్వంసం చేస్తే పీడ విరగడవుతుంది కదా?

ఈ ఆలోచన కొత్తది కాదు. 2006 జూన్‌లో ఉత్తర కొరియా టేపోడాంగ్-2ను ప్రయోగ వేదిక మీద నిలబెట్టినప్పుడు, అమెరికా మాజీ రక్షణ మంత్రి విలియం పెర్రీ, ఆష్టన్ కార్టర్ కలిసి దాన్ని అక్కడే ధ్వంసం చేయాలని బహిరంగంగా రాశారు. అప్పటి ప్రభుత్వం ఆ సలహాను పాటించలేదు. క్షిపణి ఎగిరిన ఒక నిమిషం లోపే విఫలమై కూలిపోయింది.

ఒకవేళ దాడి చేసి ఉంటే, సరిహద్దుకు దగ్గరలో ఉన్న సియోల్ నగరం ఉత్తర కొరియా ఫిరంగులకు ఎదురుగా ఉండేది. ఇప్పుడు ఘన ఇంధన క్షిపణులను లారీల వంటి వాహనాల మీద తిప్పుతున్నారు, కొద్ది సమయంలోనే ప్రయోగిస్తున్నారు కనుక, అన్నింటినీ ముందుగా కనిపెట్టి కొట్టడం ఇంకా కష్టం. కొన్ని మిగిలిపోతే, పరీక్షతో ముగిసిపోవలసినది యుద్ధంగా మారుతుంది.

ఐక్యరాజ్యసమితి ఆపలేదా?

అన్ని దేశాలకూ వర్తించే క్షిపణి పరీక్షల నిషేధం లేదు. ఉత్తర కొరియా విషయంలో మాత్రం 2006 నాటి 1718 తీర్మానం మొదలుకొని భద్రతా మండలి నిషేధాలు, ఆంక్షలు ఉన్నాయి. వాటి అమలును పరిశీలించే నిపుణుల బృందం గడువు పొడిగింపును 2024 మార్చిలో రష్యా వీటో చేయడంతో, ఆ ఏప్రిల్ నెలాఖరుతో బృందం పని ముగిసింది.

మరి నిజంగా భయపడాల్సిన సూచనలు ఏవి?

పరీక్ష కన్నా దాని చుట్టూ ఉన్న పరిస్థితే ఎక్కువ చెబుతుంది. ఇటీవల పెద్ద ఉగ్రదాడి జరిగి, దానికి ప్రతీకారం తప్పదన్న ప్రకటనలు రెండు వైపులా వెలువడుతుంటే, అప్పుడు వచ్చే పరీక్ష వార్తను తేలిగ్గా తీసుకోకూడదు. రాయబారులను వెనక్కి పిలిపించడం, సెలవుల మీద ఉన్న సైనికులను ఉన్నపళంగా రప్పించడం, పౌర విమానాలకు గగనతలం మూసివేయడం, సరిహద్దు గ్రామాలను ఖాళీ చేయించడం, ఇవి ఒక్కొక్కటీ ఒక క్షిపణి పరీక్షకన్నా గట్టి సూచనలు.

వీటన్నింటికన్నా నేను ఎక్కువగా గమనించేది రెండు సైన్యాల మధ్య ఫోను మోగుతోందా లేదా అన్నది. 1971 యుద్ధం తర్వాత ఏర్పడిన సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల హాట్‌లైన్ ఇప్పటికీ పనిచేస్తోంది. 2021 ఫిబ్రవరిలో నియంత్రణ రేఖ వెంబడి కాల్పులు ఆపాలన్న అంగీకారం ఆ అధికారుల సంభాషణల ద్వారానే కుదిరింది. 2025 మే 10న మధ్యాహ్నం పాకిస్తాన్ అధికారి మన అధికారికి ఫోను చేసిన తర్వాతే, ఆ సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని నిర్ణయమైంది. అలాగే 1988 డిసెంబరు 31న కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలు 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఇలాంటి అలవాట్లు ఆగిపోయాయన్న వార్త గనుక ఏనాడైనా వస్తే, అది పత్రికలో లోపలి పేజీలో చిన్నగా పడినా, మొదటి పేజీలోని పరీక్ష వార్తకన్నా దానికే నేను ఎక్కువ భయపడతాను.

## దూరదేశాల పరీక్షలు

మా తమ్ముడు శ్రీసిటీ కంపెనీ తరఫున జపాన్‌లో శిక్షణకు వెళ్లాడు. ఉత్తర కొరియా పరీక్షలు చూస్తే భయంగా ఉంది, వచ్చేయమని చెప్పాలా?

మీ భయం అర్థమవుతుంది, కానీ వచ్చేయమని చెప్పవలసిన పరిస్థితి ఈ పరీక్షల వల్ల రాలేదు. ఉత్తర కొరియా క్షిపణి జపాన్ మీదుగా 1998 ఆగస్టు 31న తొలిసారి ఎగిరింది. 2017 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనూ, 2022 అక్టోబరు 4న కూడా అలాగే జరిగింది. 2017, 2022ల్లో ప్రజలకు ఫోన్లలో, లౌడ్‌స్పీకర్లలో హెచ్చరిక వెళ్లింది, కొన్ని రైళ్లను కాసేపు నిలిపారు, ప్రతిసారీ క్షిపణి పసిఫిక్ మహాసముద్రంలో పడింది. తమ నేల మీద పడే అవకాశం లేదని తేలినప్పుడు జపాన్ దాన్ని కూల్చే ప్రయత్నం కూడా చేయలేదు.

2017లో ఆరో అణు పరీక్ష, ఖండాంతర క్షిపణుల పరీక్షలు, అమెరికా అధ్యక్షుడి కఠిన హెచ్చరికలు కలిసి పరిస్థితి చాలా దూరం వెళ్లింది. మరుసటి ఏడాది జూన్ 12న అమెరికా, ఉత్తర కొరియా నాయకులు సింగపూర్‌లో కలుసుకున్నారు. 2010లో దక్షిణ కొరియా నౌక చెయొనాన్ మునిగి 46 మంది నావికులు మరణించడం, అదే ఏడాది యోన్‌ప్యోంగ్ దీవిపై ఫిరంగి దాడి జరగడం పరీక్షలకన్నా ఎంతో తీవ్రమైన ఘటనలు. అప్పుడు కూడా పూర్తి యుద్ధం రాలేదు. మీ తమ్ముడు తానుండే ఊళ్లో హెచ్చరిక మోగితే ఎక్కడికి వెళ్లాలో తెలుసుకొని, భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకుంటే చాలు.

చైనా పరీక్షల సంగతి?

2024 సెప్టెంబరు 25న చైనా ఒక ఖండాంతర క్షిపణిని పసిఫిక్‌లోకి ప్రయోగించి, కొన్ని దేశాలకు ముందుగా చెప్పింది. మనకూ వారికీ మధ్య ప్రాణాలు పోయిన ఘర్షణ 2020 జూన్ 15న గల్వాన్ లోయలో, తూటా పేలకుండా జరిగింది. అక్కడ 20 మంది మన సైనికులు అమరులయ్యారు. చైనాతో ప్రమాదం గస్తీ దళాలు ఎదురుపడే చోట ఎక్కువగా ఉంది.

## మన ప్రాంతానికి సంబంధించినవి

శ్రీహరికోట మన జిల్లాలోనే ఉంది. యుద్ధం వస్తే ముందు మన మీదే పడుతుందా?

తిరుపతి నుంచి శ్రీహరికోట నేరుగా కొలిస్తే 90 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం దేశానికి ఎంతో విలువైనది, దాని భద్రతను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చూస్తోంది. అయినా అది ఉపగ్రహాలను పంపే పౌర కేంద్రం. మన బాలిస్టిక్ క్షిపణుల పరీక్షలు ఒడిశా తీరంలోని చాందీపూర్, అబ్దుల్ కలాం దీవి నుంచి జరుగుతాయి. 2025 మేలో జరిగిన దాడులూ ప్రతిదాడులూ ప్రధానంగా ఉత్తర, పశ్చిమ సరిహద్దు రాష్ట్రాల వైమానిక, సైనిక స్థావరాల చుట్టూనే సాగాయి. అప్పుడు 32 విమానాశ్రయాలను తాత్కాలికంగా మూసినా, వాటిలో రేణిగుంట లేదు.

షార్ (శ్రీహరికోట కేంద్రం) నుంచి రాకెట్ లేచినప్పుడు పక్క దేశాలు క్షిపణి అనుకోవా?

రెండింటి సాంకేతికతకూ చుట్టరికం ఉంది. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశనే 1989 మే 22న పరీక్షించిన తొలి అగ్నిలోనూ వాడారు. అందుకే ప్రయోగ తేదీ, సమయం, దిశ అన్నీ ముందుగా ప్రకటిస్తారు. బాలిస్టిక్ క్షిపణులతోపాటు అంతరిక్ష రాకెట్ల ప్రయోగాలకు కూడా ముందస్తు సమాచారం ఇవ్వాలన్న హేగ్ నియమావళిలో భారత్ 2016లో చేరింది. సూళ్లూరుపేటలో జనం మేడలెక్కి చూసేంత బహిరంగంగా జరిగే ప్రయోగాన్ని దాడిగా పొరబడే అవకాశం చాలా తక్కువ.

మా అబ్బాయి జమ్మూ సరిహద్దులో ఉన్నాడు. ప్రతి పరీక్ష వార్తకూ గుండె ఆగినంత పనవుతోంది. ఏం చేయాలి?

అమ్మా, మీకు ధైర్యం చెప్పడం కోసం అబద్ధం చెప్పకూడదు. సరిహద్దులో ఉన్న బిడ్డకు ప్రమాదం ఉంది. అయితే ఆ ప్రమాదం పరీక్షల నుంచి రాదు. 2025 మేలో మన రాయలసీమకే చెందిన ఒక యువ అగ్నివీరుడు నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో అమరుడయ్యాడు. అక్కడ ప్రాణాలు తీసేవి తుపాకులు, ఫిరంగులు, చొరబాట్లు. కనుక మీరు గమనించవలసినది కాల్పుల విరమణ నిలిచిందా లేదా అన్న వార్తను. అది నిలిచి ఉన్నన్నాళ్లూ, వందల కిలోమీటర్ల అవతల సముద్రంలో పడిన క్షిపణి గురించి రాత్రంతా మేలుకోకండి. మీ అబ్బాయి ఫోను చేసినప్పుడు ఎక్కడున్నావు, ఏం జరుగుతోంది అని అడగకుండా, తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. తానున్న చోటు చెప్పకపోవడం అతని విధిలో భాగం. సందేహాలుంటే మీ ప్రాంతపు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగవచ్చు.

తిరుమల దర్శనం టికెట్లు తీసుకున్నాం, రద్దు చేసుకోవాలా?

పరీక్ష వార్త కారణంగా అవసరం లేదు. ఉత్తరాది నుంచి విమానంలో వచ్చే బంధువులుంటే, ఉద్రిక్తత ఉన్న రోజుల్లో మాత్రం బయలుదేరేముందు విమాన సంస్థను ఒకసారి అడగమనండి.

మన ఊళ్లో సైరన్ మోగినా, ఫోన్‌కు హెచ్చరిక వచ్చినా ఏం చేయాలి?

2025 మే 7న దేశవ్యాప్తంగా పౌర రక్షణ కసరత్తులు జరిగినప్పుడు మన రాష్ట్రంలో విశాఖపట్నంలో నిర్వహించారు. అక్కడ నేర్పినవే ఎక్కడైనా వర్తిస్తాయి. ఇంట్లో ఉంటే కిటికీలకు దూరంగా లోపలి గోడల వైపు ఉండాలి, గ్యాస్ కట్టేయాలి, రాత్రయితే దీపాలు ఆర్పాలి. బయట ఉంటే దగ్గరలోని పక్కా కట్టడంలోకి వెళ్లాలి, ఏదీ లేకపోతే నేలమీద బోర్లా పడుకొని తల కప్పుకోవాలి. అత్యవసరమైతే 112కు ఫోను చేయాలి. అంతా ముగిసిందన్న ప్రకటన వచ్చేదాకా వీధుల్లోకి రాకూడదు.

హెచ్చరిక పొరపాటు కూడా కావచ్చు. 2018 జనవరి 13న హవాయి దీవుల్లో క్షిపణి వస్తోందన్న సందేశం అందరి ఫోన్లకూ వెళ్లింది, అది తప్పని చెప్పే సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది. అయినా మొదటి క్షణంలో దాన్ని నిజమనుకొనే లోపలికి వెళ్లాలి. జిల్లా కలెక్టర్, పోలీసులు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఏం చెబుతున్నారో లోపల ఉండే చూసుకోవచ్చు.